కట్ చెప్పిన బుల్లి డైరెక్టర్

ఆ మధ్య రెండు వారాలు ఈ పేజీ కనిపించకపోయేసరికి పాఠకులు కొందరు కంగారు పడ్డారు. ‘ఏ నిర్మాతైనా చాన్స్ ఇచ్చేశాడా గురూ?’ అని ఒకాయన చమత్కారం. అంత అదృష్టం కూడానా! నేను వెళ్లింది స్టూడియోకి కాదు, ఆపరేషన్ థియేటర్‌కి. నడుముకి మత్తు సూది ఇచ్చారు. అడ్డంగా గుడ్డ కట్టారు. ఆ థియేటర్లో సినిమా కనపడదు, డైలాగులు మాత్రం వినబడతాయి!

సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారా? క్లైమాక్స్ మొన్ననే అయింది మరి.

నాకు వచ్చింది హెర్నియా. కడుపు గోడలో బలహీనంగా ఉన్న చోటు నుంచి లోపలి కొవ్వో, పేగో బయటికి తోసుకొస్తుంది. మగవాళ్లకి ఎక్కువగా గజ్జల్లో వస్తుంది. నలుగురు మగాళ్లలో దాదాపు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదేనట. నాకు గ్యాస్ సిలిండర్ ఎత్తిన రోజున బయటపడింది. లోపలి గ్యాసే 14.2 కిలోలు, ఇనప బండ బరువు అదనం. పక్కింటావిడ చూస్తోందని ఒంటిచేత్తో ఎత్తాను లెండి. హీరోయిజం!

నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. పడుకుంటే లోపలికి పోయేది, నిలబడితే వచ్చేది. ఎవరికి చెప్పను? ఉన్న చోటు అలాంటిది. ఏడు నెలలు మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఈ కథలో విలన్ హెర్నియా కాదు, నా సిగ్గు.

ఆఖరికి డాక్టర్ దగ్గరికి వెళితే చీవాట్లు తిన్నాను. ‘ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, విపరీతమైన నొప్పితో వాంతులైతే పేగు ఇరుక్కుందన్నమాట. పేగుకి రక్తం అందకపోతే ప్రాణానికే ముప్పు. అప్పుడు గంటలు లెక్కపెట్టుకోవాలి’ అన్నారు. ఇది వినగానే నా సిగ్గు ఎటు పోయిందో తెలియదు.

కోసి, ఉబ్బుని లోపలికి నెట్టి, పైన సన్నని ప్లాస్టిక్ వల పెట్టి కుట్టారు. 1880ల్లో ఇటలీలో బాసినీ అనే డాక్టరు ఈ ఆపరేషన్‌కి ఓ పద్ధతి ఏర్పరిచాడు. అప్పట్లో కండరాలని లాగి కుట్టేవారు. 1980ల్లో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ అనే ఆయన, లాగే పని లేకుండా వల పెట్టే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. ఆ వల సందుల్లోకి మన కండ అల్లుకుపోయి గట్టిపడుతుంది. దానికి వ్యవధి కావాలి. అందుకే నాకు షరతు పెట్టారు: ‘ఆరు వారాలు ఐదు కిలోలకి మించి ఎత్తకూడదు.’

ఇక్కడే వచ్చింది చిక్కు. మా ఇంట్లో ఇద్దరున్నారు. అబ్బాయికి అయిదేళ్లు. అమ్మాయికి ఏడాదిన్నర, బరువు పదిన్నర కిలోలు. అంటే నా కోటాకి రెండింతలు! పైగా ఆవిడగారికి నేలమీద నడవడం నామోషీ. నన్ను చూస్తే చాలు, రెండు చేతులూ పైకెత్తి ‘ఎత్తుకో’ అంటుంది.

ఇంట్లో మొదటి వారం ఎలా గడిచిందో వినండి. మంచం దిగాలంటే ముందు పక్కకి ఒత్తిగిలి, చేత్తో ఊనుకుని లేవాలి. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోవాలి. ముక్కకూడదు గనక ఆకుకూరలు, అరటిపళ్లు, చెంబులకొద్దీ నీళ్లు. కాలక్షేపానికి జంధ్యాలగారి ‘అహ నా పెళ్లంట’ (1987) పెట్టుకున్నాను. చూరుకి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ కోట శ్రీనివాసరావుగారు అన్నం తింటున్నారు. నవ్వొచ్చింది. కుట్లు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. నవ్వితే ఏడుపొచ్చే సినిమా అదొక్కటే సుమండీ! వెంటనే ఆపేసి ఏడుపు సినిమా పెట్టుకున్నాను. హాయిగా ఉంది.

మా అత్తగారు సాయానికొచ్చారు. మా వాడికి కూడా ఓ ఉద్యోగం ఇచ్చాను. ‘ఒరేయ్, నువ్వే డైరెక్టర్‌వి. నాన్న వంగి ఏదన్నా ఎత్తబోతే కట్ అని అరవాలి’ అన్నాను. వాడు రెచ్చిపోయాడు. బకెట్ ముట్టుకుంటే కట్, కుర్చీ జరిపితే కట్, ఒకసారి చెంబెత్తినా కట్!

ఎనిమిదో రోజు మా ఆవిడ ఆఫీసుకెళ్లింది. అత్తగారు సందు చివర కొట్టుకి వెళ్లారు. పాప గడప తట్టుకుని బోర్లా పడింది. పెదవి చిట్లి రక్తం. గుక్కపట్టి ఏడుస్తూ చేతులెత్తింది. నేను వంగిపోయాను. చేతులు దాని చంకల కిందికి వెళ్లిపోయాయి కూడా.

‘నాన్నా, కట్!’

ఆగిపోయాను. 1982 జూలై 26న బెంగళూరులో ‘కూలీ’ ఫైటులో అమితాబ్ బచ్చన్ పొట్టకి దెబ్బ తగిలి, ప్రాణం మీదికొచ్చింది గదా. 1983లో సినిమా విడుదలైనప్పుడు మన్మోహన్ దేశాయ్ సరిగ్గా ఆ దెబ్బ దగ్గర బొమ్మ ఆపి, అక్షరాలు వేసి చూపించాడు. నా బొమ్మ కూడా అలాగే ఆగింది. దెబ్బ తగలక ముందే ఆగింది, అదే తేడా.

గోడ పట్టుకుని మెల్లగా నేలమీదికి జారి కూర్చున్నాను. పాపే పాకుతూ ఒళ్లోకి వచ్చింది. మధ్యలో దిండు అడ్డం పెట్టాడు డైరెక్టర్‌గారు. తడిగుడ్డతో పెదవి అదిమాను. కాసేపటికి ఏడుపు తగ్గింది. అంతా బాగానే ఉందిగానీ నాకు లేవడం చేతకాలేదు! అత్తగారు వచ్చేదాకా ముగ్గురం అక్కడే చతికిలబడ్డాం. ‘ఇదేం కూర్చోవడం బాబూ?’ అని ఆవిడ లబోదిబో.

ఆనాటి నుంచి పద్ధతి మార్చాను. నేను దివాన్ మీద కూర్చుంటాను. కింద ఓ పీట. పాప పీటెక్కి, దివానెక్కి, ఒళ్లోకి వస్తుంది. మొదట రెండు రోజులు అలిగింది. నాన్నకి తన మీద ప్రేమ తగ్గిందనుకుందో ఏమో, నా వంక చూసేది కాదు. నొప్పికి మాత్ర ఉంది, దీనికి లేదు. మూడోరోజు దానంతట అదే పీటెక్కింది.

మొన్నటికి ఆరు వారాలు నిండాయి. డాక్టర్ చూసి సరేనన్నారు. ఇంటికొస్తూనే పాపని రెండు చేతులా ఎత్తుకున్నాను. అదేమో కాళ్లు తన్నుకుంటూ ‘దిగుతా, దిగుతా’ అని గోల. దించగానే పరుగెత్తి పీటెక్కి, దివానెక్కి, ‘నాన్నా, కూచో’ అంది. ఏం చేస్తాను, కూర్చున్నాను.

కుర్రకారుకి ఒక్క మాట. తెరమీద హీరో లారీని ఎత్తుతాడు, వెనక తాళ్లుంటాయి. మనకి తాళ్లుండవు. ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తే, అది ఎంత చెప్పుకోలేని చోటైనా, నాలా ఏడు నెలలు దాచకండి. డాక్టర్లు ఇలాంటివి రోజూ చూస్తారు. సిగ్గు మనకే, వాళ్లకి లేదు!

వచ్చేవారం మళ్లీ సినిమా కబుర్లే. ఉంటాను మరి. డైరెక్టర్‌గారు పిలుస్తున్నారు.