ముంగిటి యతిథులు

మన పూర్వులు గృహస్థునకు విధించిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తాను భుజింపకముందు పశుపక్ష్యాదులకు కొంత యన్నము పెట్టుట దాని తాత్పర్యము. ఈ మాట గ్రంథములలోనే నిలిచిపోలేదు. పంట యింటికి రాగానే రైతు మంచి వరికంకులను ఏరి, అందమైన కుచ్చులుగా అల్లి, ఇంటి వసారాలోను దేవాలయ మంటపములోను వ్రేలాడదీయుట మన పల్లెలలో నేటికిని అక్కడక్కడ చూడవచ్చును. ఆ కుచ్చులు ఇంటికి అలంకారము, పిచ్చుకలకు ఆహారము. ముంగిట వరిపిండితో ముగ్గుపెట్టు ఇల్లాలు చీమలకును పిట్టలకును పిడికెడు పిండి పెట్టినట్లే యగును. పాశ్చాత్యదేశములలో పెరటి చెట్టునకు గింజల పెట్టెను తగిలించి పక్షులను పిలుచుట గొప్ప వేడుకగా నున్నది. ఆ వేడుక మనకు క్రొత్త గాదు.

నేడు ఈ వేడుకకు ఛాయాచిత్రము తోడైనది. ఒకప్పుడు కెమెరా కొందరు సంపన్నుల చేతులలో మాత్రమే యుండెడిది. ఇప్పుడది సెల్‌ఫోనులో చేరి ప్రతి యింటికిని వచ్చినది. పెరటిలో వ్రాలిన పిట్టను చూచినంతనే బాలుడు ఫోను కొరకు పరుగెత్తుచున్నాడు. ఇది మంచిదా, చెడ్డదా యని యడిగినచో, మంచిదే యని నా యభిప్రాయము. కాని దానికొక నియమము కలదు. మన యింటికి వచ్చిన పక్షి మనకు అతిథి. అతిథికి కీడు చేసి అతిథి చిత్రమును సంపాదింపరాదు. ఈ నియమమును పాటింపనివాడు ఎంత చక్కని చిత్రమును తీసినను, వానిని పక్షిప్రియుడని పిలువ వీలులేదు.

అడవులకో, కొల్లేటి సరస్సునకో పోయిన గాని పక్షులు కానరావని పలువురు తలంతురు. కొంచెము ఓపిక యున్నచో పెరటిలోనే పెక్కు జాతులను గుర్తింపవచ్చును. గడ్డము క్రింద నల్లని మచ్చ కలది మగపిచ్చుక. ఆ మచ్చ లేక మట్టిరంగున నుండునది ఆడుపిచ్చుక. తలపై నల్లని జుట్టును, తోక క్రింద ఎర్రని మచ్చయు కలది పిగిలిపిట్ట. పసుపుపచ్చని ముక్కుతో దొరవలె నడచుచు నేలమీది పురుగులను ఏరుకొనునది గోరువంక. మందారపువ్వులోనికి వంకరముక్కు జొనిపి మకరందము త్రాగునది తేనెపిట్ట. ఆకుల అంచులను చేర్చి, సాలెపురుగు దారముతోను దూదిపోగులతోను కుట్టి, ఆ సంచిలో గూడు కట్టుకొనునది దర్జీపిట్ట. ఇవి యన్నియు మన యిరుగుపొరుగువారే. పొరుగువారి పేరు తెలియకుండ జీవించుట మనుష్యుల విషయమున ఎంత వింతయో, పక్షుల విషయమునను అంతే వింత.

పక్షులను పెరటికి పిలువ దలచినవాడు ముందుగా పెట్టవలసినది గింజలు కావు, నీరు. గింజలు తినని పక్షులు పెక్కు కలవు. నీరు త్రాగని పిట్ట మాత్రము మన పెరటిలో నుండదు. వేసవిలో చెరువులును కుంటలును ఎండిపోవును. పట్టణములలో కుళాయి చుక్కలు తప్ప వానికి దిక్కు లేదు. లోతులేని మట్టిమూకుడును చెట్టునీడను ఉంచి, రెండంగుళములకు మించకుండ నీరు పోసి, నడుమ నొక రాయి వేయవలెను. పిట్ట యా రాతిపై నిలిచి త్రాగును, స్నానమాడును. పిల్లి పొంచియుండు పొదలు మూకుడు దగ్గర నుండరాదు. నీటిని ప్రతిదినము మార్చవలెను. లేనిచో ఆ మూకుడే దోమలకు పురిటిల్లగును.

ఇక గింజల మాట. జొన్నలు, సజ్జలు, కొర్రలు, నూకలు పెట్టవచ్చును. ఉప్పు కలిసినవియు, నూనెలో వేగినవియు, బూజుపట్టినవియు పెట్టరాదు. ఒక పూటలో తినగలిగినంతయే పెట్టి, పళ్లెమును తరచుగా కడిగి ఎండబెట్టవలెను. ఇది చాదస్తము కాదు. బ్రిటనులో గ్రీన్‌ఫించ్ అను ఆకుపచ్చని చిన్నపిట్టలు పెరటి గింజల పెట్టెలకు గుంపులుగా వచ్చెడివి. 2005వ సంవత్సరము నుండి వానికొక గొంతురోగము సోకినది. రోగగ్రస్తమైన పిట్ట యెంగిలి తగిలిన మేతవలనను నీటివలనను అది వ్యాపించినది. ఆ జాతి సగమునకు పైగా తగ్గిపోయినది. ప్రేమతో పెట్టిన పళ్లెమే శుచిత్వము లేనప్పుడు విషపాత్ర యగునని దీనివలన తెలియుచున్నది.

అసలు పక్షులకు మేత పెట్టనే కూడదని వాదించువారును కలరు. పెట్టినచో అవి సోమరులగునని వారి భయము. బస్తాలకొలది ధాన్యము కుమ్మరించి పావురములను వేలకొలది పెంచుట తప్పని నేనును ఒప్పుకొందును. అట్టి చోటులలో చిన్నపిట్టలకు తావే దొరకదు. కాని పిడికెడు నూకలకును బస్తా ధాన్యమునకును భేదము కలదు. అంతేకాదు, గింజలు పెట్టుటతోనే మన బాధ్యత తీరిపోదు. పెద్ద పిచ్చుక గింజలు తినును గాని, గూటిలోని పసికూనలకు ముఖ్యముగా మెత్తని పురుగులనే తెచ్చి పెట్టును. పెరటిలోని ప్రతి మొక్కపైనను పురుగుమందు చల్లి, పళ్లెములో మాత్రము గింజలు పోయువాడు తల్లికి విందు చేసి బిడ్డను పస్తు పెట్టుచున్నాడు. కావున మందారమును, జామను, కరివేపను నాటుట, పురుగుమందును మానుట, గోడకొక చిన్న చెక్కపెట్టె తగిలించి గూటికి చోటిచ్చుట గింజలకంటె మేలైన యాతిథ్యము.

ఇప్పుడు ఛాయాచిత్రమునకు వత్తము. పూర్వము పక్షిని సరిగా చూడవలెనన్నచో చంపవలసి వచ్చెడిది. 1827 మొదలు 1838 వరకు వెలువడిన అమెరికా పక్షుల చిత్రములతో ప్రసిద్ధి కెక్కిన ఆడుబాన్ తుపాకితో పక్షులను కొట్టి, తీగలతో నిలబెట్టి, వానిని చూచి బొమ్మలు వ్రాసెను. మన దేశమున పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కైన డాక్టర్ సలీం ఆలీ (1896–1987) జీవితమును మలపు త్రిప్పినది కూడ ఒక చచ్చిన పిచ్చుకయే. బాల్యమున ఆయన గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ యుండుట చూచి ఆశ్చర్యపడి, అది యే జాతియో తెలిసికొనుటకై బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు కొనిపోయెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు దానిని గుర్తించి, సంఘములోని పక్షుల సేకరణ నెల్ల బాలునకు చూపెను. ఆ దినమున పుట్టిన కుతూహలము జీవితాంతము నిలిచినది.

నేటి బాలునకు ఆ తుపాకి యక్కరలేదు. ఆ మార్పు తెచ్చిన మహోపకారి కెమెరా. ఇంగ్లండులో రిచర్డు కియర్టన్, చెర్రీ కియర్టన్ అను సోదరులు పక్షుల గూళ్లను ఛాయాచిత్రములుగా తీసి, 1895లో ఒక గ్రంథము వెలువరించిరి. పక్షులు బెదరకుండుటకై వారు చేసిన యుపాయము మిక్కిలి వినోదకరమైనది. కొయ్యచట్రముపై ఎద్దుతోలు కప్పి, బోలుగా నున్న ఆ యెద్దులో దాగియుండి చిత్రములు తీసిరి! బరువైన కెమెరాను మోసికొని, గంటలకొలది కదలక మెదలక నిలిచి వారు సాధించిన చిత్రములను చూచినచో, చేతిలో తేలిక యంత్రము గల మనము క్షణమైన నిలువలేకపోవుట సిగ్గుపడదగిన విషయము కాదా?

మనకు ఎద్దుతోలు పనిలేదు. మన యింటి కిటికీయే చాలును. కిటికీకి కొంచెము దూరమున నీటిమూకుడు నుంచి, దాని ప్రక్కన నొక ఎండుకొమ్మను పాతవలెను. పిట్ట మొదట కొమ్మపై వ్రాలి, నలుదెసలు పరికించి, తరువాత నీటికి దిగును. తెర చాటున కూర్చున్నవానికి ఆ కొమ్మపైననే చక్కని చిత్రము దొరకును. ఉదయపుటెండ మన వీపువైపు నుండి పడవలెను. మెరుపుదీపము వాడరాదు. చేతులు విదల్చి, ఈలవేసి పిట్టను తనవైపు త్రిప్పుకొన జూచువానికి తోక తప్ప చిత్రము దక్కదు.

గూటివిషయమున మాత్రము ఎంత కఠినముగా చెప్పినను తప్పులేదు. మా వీధిలో ఒక పెరటి నిమ్మచెట్టుపై పిగిలిపిట్ట గూడు కట్టి రెండు పిల్లలను చేసినది. ఒక యువకుడు చిత్రము స్పష్టముగా రావలెనని గూటికి అడ్డమైన రెమ్మలను రెండింటిని త్రుంచెను. చిత్రము చక్కగా వచ్చినది, చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. మరునాటి యుదయమున కాకి యా సందులో నుండి వచ్చి రెండు పిల్లలను తీసికొనిపోయినది. తల్లిపిట్ట నోట పురుగును పట్టుకొని, ఖాళీ గూటిచుట్టు చాలసేపు తిరుగుట నేను చూచితిని. ఆ యువకుడు క్రూరుడు కాడు. వానికి రెమ్మలు అడ్డముగా కనబడినవి. పిట్టకు అవియే ఇంటి తలుపులు.

తలుపు తీసినచో శత్రువొక్కడే రాడు. ఎండయు వచ్చును. మండుటెండ సూటిగా తగిలినచో గ్రుడ్డులోని జీవము నశించును. ఈకలు రాని పిల్లలు వడదెబ్బ తినును. మనము గూటిదగ్గర నిలిచినంతసేపు తల్లి దూరముననే యుండి అరచుచుండును. ఆ యరపు కాకికి దారి చూపును. కొందరు ఫోనులో పక్షికూతను మ్రోగించి మగపిట్టను రప్పింతురు. పాపము, అది తన పొలిమేరలోనికి పగవాడు వచ్చెనని భ్రమించి, మేత మాని, లేని శత్రువు కొరకు వెదకును. కావున గూడును ఎదురుగా చూచినను, దూరము నుండి చూచి తొలగిపోవుటయే ధర్మము. గూటి చిత్రము లేకపోయినంతమాత్రమున లోకమునకు లోటు రాదు. గూడు పాడైనచో ఒక కుటుంబమే పోవును.

చూడవలెనను కోరిక హద్దు మీరినచో భక్తియు హింసగా మారును. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి విశ్వాసము. అది తెలంగాణ రాష్ట్రపక్షి కూడ. ఆకసమున నీలిరెక్కలు విప్పి యెగురు పాలపిట్ట దర్శనము నిజముగా శుభప్రదమే. కాని దానిని పట్టి, పంజరమున బంధించి, డబ్బు తీసికొని చూపువారు కొందరు బయలుదేరిరి. కట్టివేయబడిన పిట్టను చూచిన కన్నులకు ఏ శుభము కలుగును? ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షియైన రామచిలుక గతియు నిట్టిదే. దానిని పంజరమున పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పంజరములోని చిలుక మనసొత్తు. జామచెట్టుపై వ్రాలిన చిలుక మన యతిథి. ఈ రెండింటి భేదము తెలిసినవాడే సంస్కారవంతుడు.

పెరటిపక్షులను చూచుట వినోదముతోనే ముగియదు, దేశమునకును ఉపకరించును. 1998లో అమెరికాలో పెరటిపక్షుల గణన యొకటి ఆరంభమైనది. ప్రతి సంవత్సరము ఫిబ్రవరిలో నాలుగు దినములు జనులు కనీసము పదునైదు నిమిషములు ఒకచోట నిలిచి, కనబడిన పక్షులను లెక్కించి తెలుపుదురు. 2013 నుండి మన దేశీయులును ఇందు పాల్గొనుచున్నారు. ఇట్టి సామాన్యుల లెక్కలపై ఆధారపడియే 2020లో భారతదేశ పక్షుల స్థితిని గూర్చిన నివేదిక వెలువడినది. పిచ్చుక దేశమంతట అంతరించుచున్నదని అందరు అనుకొనుచుండగా, మొత్తముమీద దాని సంఖ్య నిలకడగా నున్నదనియు, హైదరాబాదు వంటి మహానగరములలో మాత్రము తగ్గినదనియు ఆ నివేదిక తేల్చినది. ఊహ తప్పగునని, లెక్క నిజము చెప్పునని దీనివలన గ్రహింపవలెను. తేది, వేళ, స్థలము వ్రాసిపెట్టిన మసకచిత్రమైనను శాస్త్రమునకు సాక్ష్యమగును. ఏ వివరమును లేని అందమైన చిత్రము గోడకు మాత్రమే పనికివచ్చును.

బాలబాలికలారా! ఈ వేసవిలో మీ యింట నొక మూకుడు నీరు పెట్టుడు. ఒక చిన్న పుస్తకము తెరచి, వచ్చిన పక్షి పేరును, వచ్చిన వేళను, అది చేసిన పనిని వ్రాయుడు. పేరు తెలియనిచో రంగును, ముక్కును, తోకను వర్ణించి వ్రాయుడు. పెద్దలను అడిగి తరువాత పేరు చేర్చుడు. కెమెరా యున్నచో చిత్రము తీయుడు, లేనిచో చింతింపకుడు. కన్నులకంటె మేలైన కెమెరాను ఎవ్వరును చేయలేదు. కాని పిట్ట బెదరి యెగిరిపోవునని తోచిన క్షణమున ఒక యడుగు వెనుకకు వేయుడు. ఆ వెనుకడుగు నేర్చినవానిని నమ్మి పక్షి మరునాడు మరల వచ్చును.