ముసలి చేతిలో పింఛను - ఊరికి ఊపిరి

ఏ పల్లెలో కూలీల సమావేశం పెట్టినా వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునేది ముసలివాళ్లే. పడుచువాళ్లు పనికి పోయి ఉంటారు, లేదా పట్నానికి వలసపోయి ఉంటారు. అలాంటి ఒక సమావేశంలో ఒక వృద్ధ కూలి తల్లి లేచి, "పింఛను చేతికొచ్చిన పూటనే నా కోడలు నన్ను అత్తా అని పిలుస్తది. కిరాణం షాపు సేటు కూడా ఆ పూటనే నా మొకం చూస్తడు" అంది. అందరం నవ్వాం. అయితే అది నవ్వి ఊరుకునే మాట కాదు. ముసలివాళ్లు దేశానికి భారమని చెప్పే పెద్దలకు ఎక్కని ఆర్థికశాస్త్రం ఆ రెండు ముక్కల్లో ఉంది.

ముసలివాళ్లు భారమైతే, వాళ్లను కోరి పిలిపించుకుని బతికి బట్టకట్టిన ఊరు ప్రపంచంలో ఉంటుందా? ఉంది. కెనడాలోని అంటారియో రాష్ట్రంలో, హ్యూరాన్ సరస్సుకు ఉత్తరాన అడవుల మధ్య ఇలియట్ లేక్ అనే చిన్న పట్టణం అది. దాని కథ మన కూలీలకు, కార్యకర్తలకు తెలియాలి. అందులో మనం నేర్చుకోవలసిందీ ఉంది, జాగ్రత్తపడవలసిందీ ఉంది.

ఆ ఊరు 1955లో పుట్టింది. యురేనియం కోసం పుట్టింది. అమెరికా అణుబాంబుల తయారీకి యురేనియం కావాలి. కంపెనీలు అడవిలోకి దిగాయి, గనులు తవ్వాయి, కార్మికులకు ఇళ్లు కట్టాయి. కొద్ది ఏళ్లలోనే జనం పాతిక వేలకు చేరువయ్యారు. 1959లో, ఇక మీ సరుకు మాకక్కర్లేదు, ఒప్పందాలు పొడిగించం అని అమెరికా చెప్పేసింది. అంతే, గనుల మీద గనులు మూతపడ్డాయి. ఊరు ఏడు వేల లోపుకు పడిపోయింది. కార్మికుడి బతుకు ఎక్కడో వేల మైళ్ల దూరాన కుర్చీలో కూర్చున్నవాడి సంతకం మీద ఆధారపడితే ఏమవుతుందో చూడండి.

తర్వాత అణు విద్యుత్తు కోసం గనులు మళ్లీ పుంజుకున్నాయి. దాంతోపాటే దుమ్మూ, జబ్బులూ వచ్చాయి. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయేవాళ్లు, కేన్సర్‌తో పోయేవాళ్లు. తమ జబ్బుల లెక్కలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయన్న సంగతి ఆ కార్మికులకు సొంత ఊళ్లో తెలియలేదు. ఫ్రాన్సులో జరిగిన ఒక సదస్సులో అవి బయటపడ్డాకే తెలిసింది. 1974 ఏప్రిల్‌లో డెనిసన్ గని కార్మికులు దాదాపు వెయ్యిమంది పనిముట్లు పక్కన పెట్టి బయటకు వచ్చేశారు. ఆ సమ్మె ఒత్తిడికి విచారణ సంఘం వేయక తప్పలేదు. 1979లో అంటారియోలో కార్మికుల భద్రతా చట్టం అమలుకు వచ్చింది. ప్రమాదమున్న పని చేయనని చెప్పే హక్కు, ఆ పనిలో ఏ ప్రమాదముందో తెలుసుకునే హక్కు అక్కడి కార్మికులకు అలా దక్కాయి. ఎవరో దయతలచి ఇచ్చినవి కావు.

ఇక 1990లో అసలు దెబ్బ తగిలింది. ఇతర చోట్ల చవకగా యురేనియం దొరుకుతున్నదని కొనుగోళ్లు ఆపేశారు. 1990లో రెండు గనులు, 1992లో డెనిసన్, 1996లో చివరిదైన స్టాన్లీ గని మూతపడ్డాయి. కంపెనీలు కట్టిన ఇళ్లు వరసలు వరసలుగా ఖాళీ. దుకాణాలు ఖాళీ. బడిలో పిల్లలు లేరు. ఊరు పోయినట్టే అనుకున్నారు.

అప్పుడు అక్కడివాళ్లు ఒక ఆలోచన చేశారు. యువకులకు ఇక్కడ పని లేదు, నిజమే. కానీ పనితో నిమిత్తం లేని ఆదాయం ఉన్నవాళ్లు దేశంలో లక్షలమంది ఉన్నారు గదా - రిటైరైనవాళ్లు! టొరంటో వంటి నగరాల్లో అద్దెలు కట్టలేక సతమతమవుతున్న వృద్ధ కార్మికులున్నారు. వాళ్లను పిలిస్తే? ఖాళీ ఇళ్లను బాగుచేసి, చౌక అద్దెకు ఇస్తామని దక్షిణాది నగరాల్లో ప్రచారం చేశారు. లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టి ఆ ఇళ్లను నడిపారు. ముసలివాళ్లు వచ్చారు. వేల సంఖ్యలో వచ్చారు. మందుల షాపు నిలిచింది, రొట్టెల దుకాణం నిలిచింది, ఆసుపత్రి నిలిచింది. ఈనాటికీ పదకొండు వేల పైచిలుకు జనం అక్కడున్నారు.

ఇదంతా చౌక అద్దె మహిమ అనుకుంటే పొరపాటు. ఆ ముసలివాళ్ల చేతిలో పింఛను లేకపోతే ఏ అద్దె చౌక? ఆ పింఛను ఎక్కడిది? 1926లో కెనడా పార్లమెంటులో లిబరల్ పార్టీకి సొంత మెజారిటీ లేదు. వుడ్స్‌వర్త్, హీప్స్ అనే ఇద్దరే ఇద్దరు కార్మిక సభ్యులు, మా ఓటు కావాలంటే వృద్ధాప్య పింఛను ఇస్తారా లేదా తేల్చండి అని నిలదీశారు. ఎగువ సభ ఒకసారి తిప్పికొట్టినా, 1927లో చట్టం వచ్చింది. 70 ఏళ్లు నిండిన పేదలకు, అదీ ఆస్తులన్నీ ఆరా తీసి, నెలకు 20 డాలర్ల దాకా. ఆదివాసులకు అది కూడా లేదు. పోరు సాగింది. 1952 నుంచి పేదా గొప్పా ఆరా లేకుండా 70 ఏళ్లు దాటిన అందరికీ పింఛను వచ్చింది. తర్వాత వయసు 65కు దిగింది. ధరలు పెరిగితే మూడు నెలలకోసారి పింఛనూ పెరిగే ఏర్పాటు వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఫీజు అడగని వైద్యం వచ్చింది. ఇవన్నీ కలిస్తేనే ఇలియట్ లేక్ బతికింది. ఇద్దరు కార్మిక సభ్యుల పట్టుదల దగ్గర మొదలైన పోరాటం, అరవై ఏళ్ల తర్వాత అడవిలో ఒక ఊరికి అన్నం పెట్టింది.

అయితే ఆ ఊరిని మనం స్వర్గమని చెప్పం. ఆ ఊరికి నడిబొడ్డు ఒక పెద్ద బజారు భవనం. గ్రంథాలయం కూడా అందులోనే ఉండేది. దాని పైకప్పు మీద కార్లు నిలిపేవారు. 1980లో తెరిచిననాటి నుంచీ అది కారుతూనే ఉంది. యజమానులు మారారు గాని, కారడం మానలేదు. బాగుచేస్తే ఖర్చని బకెట్లు పెట్టి సరిపెట్టారు. 2012 జూన్ 23న ఆ కప్పు కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. ఇది తుప్పు తప్పు కాదు, మనుషుల తప్పేనని 2014లో విచారణ సంఘం తేల్చింది. జనం డబ్బు తెచ్చినంత మాత్రాన ఊరు క్షేమంగా ఉండదు. ఆ డబ్బును లాభానికి అప్పగిస్తే నెత్తిమీద కప్పు కూడా నిలవదు.

ఇంకొకటి. గనుల వ్యర్థాలు పదికోట్ల టన్నులకు పైగా ఆ ఊరి చుట్టూ పడి ఉన్నాయి. వాటి విషం సర్పెంట్ నదిలో కలిసింది. ఆ నది మీద బతికే అనిషినాబే ఆదివాసుల చేపా నీళ్లూ పాడయ్యాయి. కంపెనీ లాభం తీసుకుపోయింది, కాపలా మాత్రం తరతరాల జనానికి వదిలింది. ఇక ఆ ముసలివాళ్లను లేపి, స్నానం చేయించి, తిండి పెట్టే పనివాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. ఆ పని ఎంత బరువో, దానికి ఇచ్చే కూలి అంత తేలిక. వాళ్ల కూలి పెరగకుండా ఊరు బాగుపడిందంటే ఎవరు బాగుపడినట్టు?

మన దగ్గరికి వద్దాం. మనకూ గని ఊళ్లున్నాయి. ఇల్లందు, బెల్లంపల్లి బొగ్గు మీద పుట్టిన ఊళ్లు. భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉంది. ఆ బజార్లలో కూరగాయలు అమ్ముకునేది, కట్టెలు మోసేది, ఇళ్లు కట్టే కూలికి పోయేది చుట్టుపక్కల పల్లెల మన కూలీలే. రిటైరైన బొగ్గు కార్మికుడి జేబు ఖాళీ అయితే మన కూలి తట్ట కూడా ఖాళీయే. ఆ కార్మికుడికి 1998లో పెట్టిన బొగ్గు గనుల పింఛను స్కీములో ధరలతోపాటు పింఛను పెరిగే ఏర్పాటే లేదు. రిటైరైన నాడు ఎంతో, ఇరవై ఏళ్లకూ అంతే. యురేనియం విషయంలోనూ మనం దూరాన లేము. కడప జిల్లా తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు తమ నీళ్లను పాడుచేస్తున్నదని కె.కె. కొట్టాల రైతులు ఎప్పటినుంచో మొరపెట్టుకుంటున్నారు.

కూలీల సంగతి మరీ ఘోరం. కేంద్ర ప్రభుత్వం 1995లో వృద్ధాప్య పింఛనుకు నెలకు 75 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2006లో 200 చేసింది. 80 ఏళ్లు దాటినవారికి 2011లో 500 చేసింది. అంతటితో కలం పక్కన పెట్టింది. ఆ 200తో ఇవాళ నెలకు సరిపడా నూనె కూడా రాదు. మిగతాదంతా రాష్ట్రాల మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 రూపాయలయింది. తెలంగాణలో 2019లో 2,016 చేశారు, 2023 ఎన్నికల్లో 4,000 ఇస్తామని మాట ఇచ్చారు. ఎన్నికలకు ఎన్నికలకు మధ్య పెరిగేది దయ. ధరలతో పాటు తనంతట తాను పెరిగేది హక్కు. మనం అడగవలసింది హక్కు.

ముసలి కూలి తన పింఛనును బ్యాంకులో దాచడు, షేర్లు కొనడు. ఆ రోజే బియ్యం కొంటాడు, మాత్రలు కొంటాడు, మనవడికి పలక కొంటాడు. ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. పరిశ్రమ తెస్తామని పెద్ద కంపెనీలకు రాయితీలు గుప్పించే ప్రభుత్వాలు ఈ లెక్క ఎందుకు వేయవు?

అందుకే మనం మూడు కోర్కెలతో కదలాలి. ఒకటి, 60 దాటిన ప్రతి వ్యవసాయ కూలికీ పింఛను. కేంద్రం తన వాటా పెంచాలి, ధరల సూచీకి ముడిపెట్టాలి. బొగ్గు కార్మికుడికీ అదే న్యాయం. రెండు, ప్రతి మండలంలో డాక్టరు, మందులు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. అదిలేని పింఛను ప్రైవేటు నర్సింగ్ హోముకే పోతుంది. మూడు, గని మూసేముందే నీటి బాధ్యత, వ్యర్థాల బాధ్యత కంపెనీ మీద రాతపూర్వకంగా పెట్టాలి.

వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లను వచ్చే సమావేశంలో ముందు వరుసలో కూర్చోబెట్టండి. నలభై ఏళ్లు నాట్లు వేసిన చేతులవి. ఈ కోర్కెల పత్రం మీద మొదటి వేలిముద్ర వాళ్లదే కావాలి.