పట్టపగలు దీపమా?

ఇటీవల మేమొక పఠనమందిరమునకు బోయితిమి. మిద్దెపై సౌరఫలకములు వరుసగా మెరయుచున్నవి. లోపల కిటికీలకు అడ్డముగా బీరువాలు నిలిపి, మిట్టమధ్యాహ్నము దీపములు వెలిగించిరి. మేమచ్చట నుండగనే కరెంటు పోయెను. బ్యాటరీ లేక సర్కారు తీగలకు గలిపిన సౌరయంత్రము, తీగలపై పనిచేయువారి ప్రాణరక్షణార్థము, సరఫరా ఆగినతోడనే తానును ఆగును. పాఠకులు పత్రికలు చేతబట్టుకొని అరుగుమీదికి వచ్చిరి. సూర్యుని మిద్దెకు బిలిచి గడపయొద్ద త్రోసివేసిన ఫలమిది.

లెక్క చూతము. ఫలకముపై బడిన సూర్యశక్తిలో విద్యుత్తగునది సుమారు ఐదవవంతు. ఒక వాట్టు సూర్యరశ్మిలో రమారమి 100 ల్యూమెనుల వెలుగు గలదు. మంచి ఎల్‌ఈడీ దీపము ఒక వాట్టు విద్యుత్తుకు ఇచ్చునదియు రమారమి అంతియే. కావున ఎండను విద్యుత్తుగను, విద్యుత్తును మరల వెలుగుగను మార్చినచో నూటికి ఇరువదిపాళ్లే దక్కును.

మేము సౌరఫలకములకు విరోధులము గాము. 2024లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన సూర్యఘర్ పథకము కోటి యిండ్లను లక్ష్యముగా గొని, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సాయము నిర్ణయించినది. మన విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గువలననే పుట్టుచుండగా ఇది హర్షణీయము. కాని యా విద్యుత్తు పంకాలకును, నీటిపంపులకును, బ్యాటరీలో నిలువచేసి రాత్రి దీపములకును వినియోగపడవలెను. పగటి వెలుతురు కిటికీనుండియే రావలెను.

కిటికీ తెరచిన ఎండవేడిమి వచ్చునని కొందరందురు. అందులకును ఉపాయము గలదు. మన దేశమున ఫలకములు దక్షిణమునకు వాలియుండును. వెలుతురుకై కప్పున నమర్చు అద్దమును ఉత్తరముఖముగా నుంచినచో రెండును ఒకే కప్పుపై నిముడును. పాత మిల్లుల రంపపుపండ్ల కప్పులలోని యద్దముల కిదియే సూత్రము. నడివేసవిలో సూర్యుడు ఉత్తరమునకు జరిగినపుడు చిన్న చూరు ఎండ నాపును గాని వెలుగు నాపదు. ఫలకముల నీడ కప్పును చల్లబరచును. కిటికీచెంతనున్న దీపముల వరుసకు వేరు స్విచ్చి యుండిన, అక్కరలేనపుడు ఆ వరుసను మాత్రమే ఆర్పవచ్చును. నట్టింట ఆకాశమును నిలుపుకొన్న మన మండువా లోగిళ్లకు ఈ పాఠము క్రొత్తది గాదు.

ప్రజాధనముతో ఫలకములు గొను పురపాలకసంఘములను, విద్యాశాఖాధికారులను మేము కోరునది యొక్కటే. కొనుటకు ముందు, ఆ భవనమున దీపములేక మధ్యాహ్నవేళ చదువుకొనదగిన గదు లెన్నియో ఇంజనీరుచే వ్రాయించి ప్రకటింపుడు. తక్కిన గదులకు మొదట కిటికీ, పిమ్మట ఫలకము. అట్లైన కరెంటు పోయినను బాలుని చేతి పుస్తకము మూతపడదు.