మంచులో మూడక్షరాలు

పిల్లలూ! అడవిలో దారి తప్పినవాడు కేక వేస్తే దగ్గరలో ఉన్నవారికి వినబడవచ్చు. పైన విమానంలో పోయేవారికి ఎలా వినబడుతుంది?

కెనడా దేశపు వాయవ్య మూల యూకాన్ అనే ప్రాంతం ఉంది. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు సున్నకు దిగువ 40 డిగ్రీలకు పోతుంది. ఆ చలికి పాదరసం కూడా గడ్డకడుతుంది!

1963 ఫిబ్రవరి 4న రాల్ఫ్ ఫ్లోరెస్ అనే మెకానిక్కు తన చిన్న విమానంలో ఆ మీదుగా పోతున్నాడు. వెంట హెలెన్ క్లాబెన్ అనే 21 ఏళ్ళ యువతి ఉంది. మంచు తుఫానులో దారి కానరాక విమానం చెట్లమీద కూలింది. అతని దవడ, పక్కటెముకలు విరిగాయి. ఆమె చేయి విరిగింది, పాదం నలిగింది. ఉన్న కొద్దిపాటి డబ్బాల తిండీ కొద్ది రోజులలోనే అయిపోయింది. ఆపైన మంచు కరిగించిన నీళ్ళే గతి.

“కరిగించడం ఎందుకు? అలాగే తినవచ్చుగా?” అంటారేమో. కూడదు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. నోట వేసుకుంటే ఆ వేడి మన ఒంట్లోంచి పోతుంది. మంటమీద కరిగిస్తే కట్టెలే ఇస్తాయి. తిండి లేనివాడికి ఒంటివేడిని మించిన ఆస్తి లేదు కదా!

చెట్ల నడుమ పడి ఉన్న విమానం పైవారికి కనబడలేదు. చివరకు ఫ్లోరెస్ మంచులో నడవడానికి కొమ్మలతో పాదరక్షలు చేసుకొని, చెట్లు లేని బయలుకు పోయాడు. అక్కడి మంచును కాళ్ళతో తొక్కి, ఎస్.ఓ.ఎస్. అని మూడు పెద్ద అక్షరాలు దిద్దాడు. ఆపదలో ఉన్నామని తెలిపే గుర్తు అది. హెలెన్ ఉన్న దిక్కుకు బాణం గీశాడు. ఆ మీదుగా పోతున్న విమాన చోదకుడొకడు అది చూశాడు. 49 రోజుల తరువాత ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. చలికి చచ్చుబడిన హెలెన్ కాలివేళ్ళు మాత్రం తీసివేయవలసి వచ్చింది.

ఈనాడు విమానాలలో చిన్న రేడియో పెట్టె ఉంటుంది. విమానం కూలిన అదటుకు అదే కేక వేస్తుంది. ఉపగ్రహాలు ఆ కేకను అందుకొని నేలమీది కేంద్రాలకు చేరవేస్తాయి. మన బెంగుళూరులోనూ అటువంటి కేంద్రం ఉంది. 1982 సెప్టెంబరులో ఈ ఉపాయంతో మొట్టమొదట ముగ్గురి ప్రాణాలు దక్కాయి. వారి చిన్న విమానం కూలిందీ కెనడాలోనే!

అయినా యంత్రం చెడిపోవచ్చు. అప్పుడు పనికివచ్చేది ఫ్లోరెస్ తెలివే: వెతికేవారి కళ్ళకు మనం ఎలా కనబడతామో ఆలోచించాలి.

ఇక మీకొక లెక్క. సున్నకు దిగువ 40 సెంటిగ్రేడు డిగ్రీలు ఫారన్‌హీటులో ఎంత? వేసి చూడండి, ఆశ్చర్యపోతారు!