ఆడపిల్ల నొప్పికి మందు ఉంది

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఈమధ్య జరిగిన సంగతి ఇది. అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. బహిష్టు వచ్చిన మొదటి రెండు రోజులు మంచం దిగలేదు. వాంతులు, చెమటలు, ఒక్కోసారి కళ్ళు తిరిగి పడిపోవడం. నెలకు రెండు మూడు రోజులు చదువు దెబ్బతింటోంది. తల్లి వాము నీళ్ళు కాచి ఇచ్చింది, సొంఠి కషాయం తాగించింది, వేడినీళ్ళ సంచి పొత్తికడుపు మీద పెట్టింది. నానీ మాత్రం, "మేమంతా పడలేదా? పెళ్ళయి ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుంది" అని తేల్చేసింది. చివరికి లేడీ డాక్టరుకు చూపించారు. ఆమె పరీక్షించి, స్కానింగ్ తీయించి, మూడు నెలలకు మాత్రలు రాసిచ్చింది. మందుల షాపులో ప్యాకెట్టు చేతికి రాగానే తల్లి నిర్ఘాంతపోయింది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఉండాలని ఇంటి పెద్దకోడలు వాడినవి సరిగ్గా అవే మాత్రలు! పెళ్ళికాని పిల్లకు ఇవా? ఎవరి కంటనైనా పడితే? ప్యాకెట్టు బీరువాలో బట్టల కిందికి వెళ్ళిపోయింది. అమ్మాయి ఆ నెల కూడా ఎప్పటిలాగే మంచం మీద ముడుచుకుని పడుకుంది.

ఆ తల్లిని మేము తప్పుపట్టడం లేదు. ఆమె స్థానంలో మన ఇళ్ళలోని తల్లులు చాలామంది అలాగే చేస్తారు. మాత్రలు రాసిన డాక్టరు ఎందుకు రాస్తున్నదీ ఒక్క నిమిషం వివరించి ఉంటే ఆ ప్యాకెట్టు బీరువాలోకి వెళ్ళేదే కాదు. ఆమె వివరించలేదు కాబట్టి ఆ నాలుగు మాటలూ మేము చెబుతున్నాం.

బహిష్టు సమయంలో గర్భసంచి లోపలి పొర ఊడి బయటికి వస్తుంది. అప్పుడు ఆ పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుడతాయి. ఇవి గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగదీస్తాయి. బిగిసిన కండరానికి రక్తం సరిగా అందదు, నొప్పి పుడుతుంది. అవే రక్తంలో కలిసి వాంతులు, విరేచనాలు, తలనొప్పి తెస్తాయి. కనుక ఆ పిల్ల నాజూకుతనం వల్లనో, చదువు ఎగ్గొట్టడానికో మూలుగుతోందని అనుకోవడం అన్యాయం. ఆ పదార్థాలు ఎవరిలో ఎక్కువ తయారైతే వారికి నొప్పి ఎక్కువ. నానీకి తక్కువ తయారై ఉండవచ్చు. లేదా ఆమె కూడా ఇంతే బాధపడి, చెప్పుకునే దిక్కులేక ఊరుకుని ఉండవచ్చు.

దీనికి మొదటి మందు మెఫెనమిక్ ఆసిడ్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు. ఇవి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే తగ్గిస్తాయి. అందుకే నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతున్నప్పుడే, అన్నం తిన్నాక వేసుకోవాలి. కడుపులో పుండు, ఉబ్బసం, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటిని ముట్టకూడదు. వేడినీళ్ళ సంచి కూడా నిజంగా పనిచేస్తుంది. ఆ తల్లి చేసిన వైద్యంలో తప్పేమీ లేదు, అది చాలలేదంతే.

ఇవి చాలనప్పుడు డాక్టర్లు రాసేవే హార్మోను మాత్రలు. వీటిలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు ఉంటాయి. అవి అండం విడుదలను ఆపుతాయి, గర్భసంచి లోపలి పొరను పలచగా ఉంచుతాయి. పొర పలచనైతే ప్రోస్టాగ్లాండిన్లూ తక్కువే, రక్తస్రావమూ తక్కువే, నొప్పీ తక్కువే. అండం విడుదల కాదు కాబట్టి అదే మాత్ర గర్భాన్ని కూడా నిరోధిస్తుంది. ఒకే మందుకు రెండు పనులు. ఏ పని కోసం వాడుతున్నామన్నది వాడేవారి అవసరాన్ని బట్టి ఉంటుంది.

ఈ రకం మాత్ర లోకానికి మొదట పరిచయమైందే బహిష్టు సమస్యలకు మందుగా అన్న సంగతి చాలామందికి తెలియదు. అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ 'ఎనోవిడ్' అనే మాత్రకు 1957లో బహిష్టు రుగ్మతలకు వాడే మందుగానే అనుమతి ఇచ్చింది. గర్భనిరోధానికి అనుమతి వచ్చింది 1960లో. మన దేశంలో కుటుంబ నియంత్రణ ప్రచారం ఈ మాత్రలను గోడల మీదికి, రేడియోలోకి ఎక్కించింది కాబట్టి మనకు ఆ పేరే గుర్తుండిపోయింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్టులో 28 మాత్రలుంటాయి. 21 హార్మోనువి, మిగతా 7 రక్తం పట్టడానికి ఇనుము మాత్రలు.

నొప్పి ఒక్కటే కాదు. కొందరికి రక్తస్రావం వారం దాటి పోతూనే ఉంటుంది. ఎముకలు తేలి, పాలిపోయి, రెండు మెట్లెక్కితే ఆయాసపడే ఆడవాళ్ళు మన ఇళ్ళలో ఎందరు లేరు? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తిండి లోపం ఇందులో పెద్ద కారణమే. కానీ నెలనెలా పోయే రక్తాన్ని ఆపకుండా ఖర్జూరాలు, బెల్లం ఎన్ని పెట్టినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్లే. ఇంకొందరికి గర్భసంచి లోపలి పొర వంటిదే బయట, అండాశయాల మీద, పేగుల చుట్టూ పెరుగుతుంది. దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతాన వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుంది. ఏళ్ళ తరబడి బయటపడదు. బహిష్టు నొప్పి మామూలేనని అందరూ అనడమే అందుకు ఒక ముఖ్య కారణం. మూడోది పీసీఓఎస్. నెలలు తప్పడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు దాని గుర్తులు. నెలల తరబడి బహిష్టు రాకపోతే గర్భసంచి పొర మందమై తర్వాత ముప్పు తెచ్చిపెడుతుంది. ఈ మూడింటికీ హార్మోను మాత్రలు వాడుకలో ఉన్న వైద్యమే.

ఇక మన కుటుంబాలను ఆపుతున్న అసలు ప్రశ్న. ఇది ధర్మసమ్మతమేనా?

సంతానానికి ఎడం కోసం భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో తాత్కాలిక పద్ధతులు పాటించడం గురించి ధర్మవేత్తలు చాలాకాలంగా చర్చించారు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, తగిన అవసరం ఉండి, హాని లేకపోతే దానికి అభ్యంతరం లేదని తీర్మానించింది. అయితే మన అమ్మాయి విషయంలో ఆ చర్చకే తావు లేదు. ఇక్కడ ఆపుతున్నది సంతానాన్ని కాదు, నొప్పిని. రోగానికి వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ప్రోత్సహించిన సంగతి మనందరికీ తెలుసు. సూరె బఖరా 222వ ఆయతులో బహిష్టును గురించి వాడిన 'అజా' అన్న పదానికి బాధ, హాని అన్న అర్థాలున్నాయి. బాధ అని ఖుర్ఆనే చెప్పిన దాన్ని మనం 'ఏమీ కాదులే' అని కొట్టిపారేయడం ఎంతవరకు సబబు?

సిగ్గు విషయమూ అంతే. ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తనకు రక్తస్రావం ఆగడం లేదని, నమాజు మానేయాలా అని స్వయంగా దైవప్రవక్త (స)నే వచ్చి అడిగారు. అది బహిష్టు కాదు, రక్తనాళానికి సంబంధించినదని ఆయన వివరించారు. హైజుకూ ఇస్తిహాజాకూ తేడా మనకు తెలిసింది ఆ మహిళ అడిగినందువల్లనే. మదీనాలో అడగడానికి అడ్డురాని సిగ్గు మన ఇళ్ళలో ఎక్కడి నుంచి వచ్చింది? రమజానులో నెలసరి వచ్చిన అమ్మాయి అన్నదమ్ములకు తెలియకూడదని సహరీకి లేచి కూర్చుంటుంది, పగలంతా రోజా ఉన్నట్లు నటిస్తుంది. అంత దాపరికంలో పెరిగిన పిల్ల నొప్పి సంగతి నోరు తెరిచి ఎలా చెబుతుంది? అది ముందు తండ్రులు ఆలోచించవలసిన విషయం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే డబ్బు, ఆటో, అనుమతి చాలా ఇళ్ళలో ఇంకా వారి చేతుల్లోనే ఉన్నాయి.

మందు అన్నాక ముప్పూ ఉంటుంది. దాన్ని దాచడం మా ఉద్దేశం కాదు. ఈ మాత్రలతో ముఖ్యమైన భయం కాళ్ళ రక్తనాళాల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లో చెప్పిన లెక్క ప్రకారం, మాత్రలు వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి ఇలా జరిగితే, వాడేవారిలో 5 నుంచి 12 మందికి జరుగుతుంది. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉన్న మాత్రల్లో ఇది 5 నుంచి 7. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయిన కొత్తలో ఈ ప్రమాదం ఇంతకన్నా ఎక్కువ. అయినా ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. బీపీ ఎక్కువున్నవారికి, కళ్ళ ముందు మెరుపులు కనిపించి పార్శ్వపు తలనొప్పి వచ్చేవారికి, లివరు జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి, 35 ఏళ్ళు దాటి పొగతాగేవారికి ఇవి తగవు. అలాంటివారికి ఈస్ట్రోజెన్ లేని మందులున్నాయి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నా, మూర్ఛకు మందులు వాడుతున్నా ఆ సంగతీ చెప్పాలి. మాత్రలు వాడుతుండగా ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి రెండు మూడు నెలలు కడుపులో తిప్పడం, మధ్యలో మరకలు కనిపించడం మాత్రం మామూలే. ఆ మరకలున్న రోజుల్లో నమాజు సంగతి ఏమిటన్నది తేదీలు రాసుకుని వెళ్ళి ఆలిమ్‌ను అడగండి.

"పిల్లకు ముందు ముందు సంతానం కలుగుతుందా?" అన్నది తల్లుల మరో భయం. మాత్రలు ఆపిన తర్వాత ఏడాదిలో గర్భం దాల్చేవారి నిష్పత్తి, ఎన్నడూ మాత్రలు వాడనివారితో దాదాపు సమానం. సంతానానికి అడ్డుపడగలిగేది ఎండోమెట్రియోసిస్ వంటి జబ్బు.

మందుల షాపుకు పిల్లవాణ్ణి పంపి తెప్పించుకునే మాత్రల గురించి కూడా చెప్పాలి. హజ్ యాత్రకో, రమజానులో రోజాలు పోకూడదనో బహిష్టును వాయిదా వేయడానికి నోరెథిస్టెరోన్ మాత్రలు వేసుకునేవారున్నారు. హజ్ కోసం వాడడానికి చాలామంది ధర్మవేత్తలు అభ్యంతరం చెప్పలేదు. కానీ ఇవీ హార్మోను మాత్రలే. గంటల తరబడి విమానంలో కూర్చోబోయే, బీపీ ఉన్న మహిళ డాక్టరుకు చూపించుకోకుండా వాటిని మింగడం మంచిది కాదు. హజ్ దారిలో సరిఫ్ దగ్గర హజ్రత్ ఆయిషా (రజి)కు బహిష్టు వచ్చి ఏడ్చినప్పుడు, ఇది ఆదం కుమార్తెలందరికీ అల్లాహ్ రాసిపెట్టినదేనని దైవప్రవక్త (స) ఓదార్చారు. తవాఫ్ తప్ప హాజీలు చేసే పనులన్నీ చేయమన్నారు. రోజాల విషయంలోనూ తర్వాత పూర్తి చేసుకునే సౌలభ్యం ఉంది. దాన్ని వదులుకుని ప్రతి ఏటా మాత్రలు మింగవలసిన పనేముంది?

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. పదహారేళ్ళప్పుడు మాత్రలు వద్దని దాచిన ఇళ్ళలోనే, ముప్పై ఐదేళ్ళప్పుడు అదే నొప్పికి, అదే రక్తస్రావానికి గర్భసంచి తీయించేస్తున్నారు. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. క్యాన్సర్ వస్తుందని బెదిరిస్తే అప్పుచేసి మరీ ఆపరేషను చేయించుకుంటారు. చిన్న వయసులో అండాశయాలు కూడా పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆపరేషను నిజంగా అవసరమైనవారు లేకపోలేదు. కానీ చాలామందికి దానికి ముందు మాత్రలున్నాయి. పెళ్ళయిన స్త్రీలకైతే, అధిక రక్తస్రావాన్ని కనీసం ఐదేళ్ళపాటు అదుపులో ఉంచే, గర్భసంచిలో అమర్చే హార్మోను సాధనం కూడా ఉంది. "ఇవి వాడి చూశాక ఆలోచిద్దామా?" అని ఆపరేషనుకు సంతకం పెట్టే ముందు అడగాలి. ఆ డాక్టరు విసుక్కుంటే మరో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఆ అమ్మాయి తల్లితో మా ఇంటి ఆడవాళ్ళు వెళ్ళి మాట్లాడారు. ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఈసారి అడగవలసినవన్నీ అడిగింది. ప్యాకెట్టు బీరువాలోంచి బయటికి వచ్చింది. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి కాబట్టి ఇషా నమాజు తర్వాత అని పెట్టుకున్నారు. రమజానులోనూ వేళ మార్చనక్కరలేదు. మొదటి నెల కడుపులో తిప్పి రెండుసార్లు మానేస్తానంది. ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. నొప్పి పూర్తిగా పోలేదట గాని, పోయిన నెల కాలేజీ మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.