విరిగిన ఆటబొమ్మల సాక్ష్యం

దేవుడిచ్చే శాంతి ఎలా ఉంటుంది? జెకర్యా ప్రవక్త దానికి గుర్తుగా సైన్యాన్ని చూపలేదు. యెరూషలేము వీధుల్లో ఆడుకునే బాలబాలికలను చూపించాడు (జెకర్యా 8:5). బబులోను సైన్యం కూల్చేసిన పట్టణానికి చెర నుండి తిరిగొచ్చిన ప్రజలతో ఆ మాట చెప్పాడు. పిల్లలు నిర్భయంగా ఆడుకున్ననాడే యుద్ధం ముగిసినట్టు!

యుద్ధం మనకు దూరపు వార్త కాదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆయనను గౌరవంతో తలుచుకునే మనమే క్రిస్మస్ కానుకగా పిల్లల చేతికి బొమ్మ తుపాకీ ఇస్తే, ప్రాణం తీయడం ఆటేనని నేర్పినట్టు కాదా?

రెండవ ప్రపంచయుద్ధంలో నాజీలు యూదులను బంధించిన తెరెజీన్‌లో ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి, వాడేసిన ఆఫీసు కాగితాలను చింపి అతికించి బొమ్మలు చేయడం పిల్లలకు నేర్పారు. వాళ్లు వదిలి వచ్చిన ఇళ్లనూ ఆటలనూ గీసుకున్నారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఆ పిల్లల్లో అత్యధికులూ హతులయ్యారు. సూట్‌కేసుల్లో దాచిన 4 వేలకు పైగా చిత్రాలు మాత్రం మిగిలి, ఈనాటికీ సాక్ష్యమిస్తున్నాయి.

మొజాంబిక్‌లో అంతర్యుద్ధం 1992లో ముగిసింది. అక్కడి క్రైస్తవ మండలి 1995 నుండి ప్రజల వద్ద తుపాకులు తీసుకుని, బదులుగా కుట్టుమిషన్లు, సైకిళ్లు, పనిముట్లు ఇచ్చింది. ఆ తుపాకుల ముక్కలతో కళాకారులు కుర్చీలు, పక్షులు, ఒక పెద్ద చెట్టు చేశారు. ఆయుధాలు సేద్యపు పనిముట్లవుతాయన్న యెషయా దర్శనం (2:4) కళ్లెదుట కనిపించింది.

చర్చిలో బొమ్మలేమిటని కొందరు విశ్వాసులు అడగవచ్చు. ఆజ్ఞ నిషేధించింది మొక్కడానికి చేసుకునే రూపాన్ని. చేతి నేర్పును కాదు. బెసలేలును తన ఆత్మతో నింపి కళ నేర్పింది దేవుడే (నిర్గమ 31:1-5).

కాబట్టి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో సండేస్కూలు పిల్లలతో ఇలాంటి చిత్రాలు చేయిద్దాం. రైసు మిల్లు దగ్గర దొరికే పాత గోనెగుడ్డ, యుద్ధవార్త అచ్చయిన దినపత్రిక, చక్రం ఊడిన బొమ్మకారు, కాస్త రంగు, జిగురు చాలు. ఏం చేయాలో మనం చెప్పవద్దు. ‘ఈ బొమ్మతో ఆడుకున్న పాప ఇప్పుడెక్కడుంది?’ అని మాత్రం అడుగుదాం. వాళ్ల జవాబును ఆరాధనలో అందరం విని, గాజాలో, ఉక్రెయిన్‌లో ఇళ్లు కోల్పోయిన పిల్లల కోసం ప్రార్థిద్దాం.

హేరోదు ఖడ్గాన్ని తప్పించుకుని, రాత్రివేళ తల్లి ఒడిలో ఐగుప్తుకు వెళ్లిన శిశువే మన ప్రభువు! ఆయన బిడ్డలమైన మనం పిల్లల చేతికి ఏమందిస్తున్నామో చూసుకుందాం.