పెట్టెలోని పాఠము

గోధుమలోని గ్లూటెను సరిపడని వారికై పాశ్చాత్య దేశములలో బియ్యపు పిండితో చేసిన మాకరోనీని చీజుపొడితో చేర్చి పెట్టెలలో అమ్ముదురు. కొలది నిమిషములలో భోజనము సిద్ధమగును. సీలియాక్ వ్యాధిగల బాలునకు అది రక్షణయే, దానిని పరిహసింపరాదు.

నల్లగొండ జిల్లా చిట్యాల వైపు పల్లెలలో జొన్నగట్క తాతలనాటి తిండి. జొన్నలో గ్లూటెను స్వభావముచేతనే లేదు. పేదల కూడని త్రోసివేసిన చిరుధాన్యములనే 2023లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సంవత్సరము జరిపి గౌరవించినది. అయినను గోధుమలు పట్టిన గిర్నీలోనే జొన్నలు పట్టించినచో గోధుమపిండి వానిలో కలియును. రోగికి ఆ కొంచెమే కీడు. పెట్టెపై గల నమ్మకమునకు మూలము ఈ జాగ్రత్తయే. ఊరికొక గిర్నీని జొన్నలకై వేరుగా నుంచినచో, ఇంటి గట్కను ఆ బాలునకు నిర్భయముగా వడ్డింపవచ్చును. ఉపాధ్యాయులు బడిలో ముందుగా చెప్పవలసిన మాట యిది.